బసవమ్మ పీకిన డబ్బా

“సిద్దికా, దొరికింది! మంగళవారం నాటి భూకంపం మన డబ్బాల్లో పడింది!”

గుంటూరు నుంచి చైతన్యకృష్ణ సార్ ఫోన్‌లో అలా అరిచేసరికి నా చేతిలోని పాత టూత్‌బ్రష్ ఎగిరి వెళ్ళి మాలిక్ టీగ్లాసులో పడింది. మాలిక్ గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, బ్రష్ తీసి పక్కన పెట్టి మిగిలిన టీ తాగేశాడు. పెళ్ళయి నెల కూడా కాని మొగుడు తప్ప ఇంకెవరూ చేయలేని పని.

మాలిక్‌కి వినుకొండ బస్టాండు వెనక ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపు ఉంది. ఆ షాపు వెనక గది మా ప్రాజెక్టు వాళ్ళు అద్దెకు తీసుకున్నారు. పల్నాడులో ఈమధ్య భూమి చిన్నచిన్నగా ఊగుతోంది కదా, అది ఎక్కడ పుడుతోందో తెలుసుకోవడానికి చైతన్యకృష్ణ సార్ పొలాల్లో డబ్బాలు పాతించారు. జియోఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన నేను వాటిని పాతడం, తవ్వి తీయడం, ఛార్జి పెట్టడం చూసుకుంటాను. కరెంటు పోయినా డబ్బాల ఛార్జింగ్ ఆగకూడదని మాట్లాడటానికి మొదటిసారి ఈ షాపుకొచ్చాను. ఆ మాటలు పెళ్ళిదాకా వెళ్ళాయి.

డబ్బా అంటే టిఫిన్ డబ్బా అంతే ఉంటుంది. కింద ఒక మేకు. మేకు నేలలోకి దిగేలా పాతి, మూత మాత్రం పైకి కనపడేలా మట్టి కప్పేస్తాం. అక్కణ్ణించి భూమి ఏ కాస్త వణికినా అది లోపల దాచుకుంటుంది. దానికి తెర లేదు, మీట లేదు. లోపల ఏముందో తెలియాలంటే పైకి తీసి, మట్టి తుడిచి, రాగి చుక్కల్లాంటి మొనలను బ్రష్‌తో రుద్ది, ర్యాక్‌లోని గడిలోకి తోయాలి. ర్యాక్ ఒక చేత్తో దానికి కరెంటు తినిపిస్తూ, ఇంకో చేత్తో దాని కడుపులో ఉన్నదంతా లాప్‌టాప్‌లోకి లాగేస్తుంది. పని జరుగుతున్నంతసేపూ ఎర్ర దీపం. అయిపోతే పచ్చ దీపం. గదిలో వరసగా పచ్చ దీపాలు వెలిగినప్పుడల్లా నేను లైటార్పించి ఒక్క నిమిషం చూస్తాను. మాలిక్‌కి ఇది పిచ్చి అనిపించినా లైటు మాత్రం తనే ఆర్పిపెడతాడు.

“ఒక్కటే లోటు” అన్నారు సార్. “భూకంప కేంద్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది పెదరాళ్ళపాడు డబ్బా. అది లేకపోతే ఎంత లోతులో పుట్టిందో చెప్పలేం. అది వచ్చిందా?”

“ఇప్పుడే వెళ్ళి తెస్తాం సార్!”

బయల్దేరుతుంటే మా అత్తగారు మాబూబీ గుమ్మంలో నిలబడి, “కొత్త కోడలివి. ఏ ఊరి గడప తొక్కినా ఒట్టి చేతుల్తో పోబాక” అంది. ఇది వాళ్ళింటి పద్ధతి. కొత్త కోడలు మొదటిసారి ఎవరింటికి వెళ్ళినా చేతిలో తీపి ఉండాలి. అందుకని బజార్లో ఆగి బూందీ లడ్డూల పెట్టె ఒకటి కొనిపించుకున్నాను. మంచి వార్త కూడా ఉందాయె. బండి మీద వెనక కూర్చుని ఒడిలో లడ్డూలు, వీపు మీద లాప్‌టాప్, గోరింటాకు ఇంకా పోని చేత్తో మాలిక్ భుజం. దారికి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఘాటుకు ఇద్దరం ఒకేసారి తుమ్మాం. దానికి కూడా నాకు నవ్వొచ్చింది.

డబ్బా పాతిన చేలో మేం గుర్తుకు పెట్టిన జెండా లేదు. డబ్బా లేదు. గుంట మాత్రం ఉంది. గుంట మధ్యలో మేకు దిగిన చిల్లు. ఎవరో నిట్టనిలువునా పీకేశారు.

పక్క కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి మమ్మల్నే చూస్తున్నారు. గట్టు మీద నుంచి పంచె ఎగగట్టిన ఒకాయన వచ్చాడు. బుల్లయ్య. డబ్బా పాతిన రోజు ఈ చేలో దారి చూపించింది ఆయనే. ఆరోజు మజ్జిగ ఇచ్చాడు. ఇవాళ దగ్గరికొచ్చినా పలకరించలేదు.

“బాబాయ్, ఈడ మా డబ్బా ఉండాలి” అన్నాడు మాలిక్.

“ఉండాల్సినవి చానా ఉండాలి” అన్నాడు బుల్లయ్య. “ఆ పెట్టెలో ఏంది?”

నేను ముందుకు వచ్చి మూత తీసి చాపాను. “లడ్డూలండీ. తీసుకోండి. మంచి వార్త! మంగళవారం మీ ఊరి కింద భూమి ఊగింది కదా, అది మా డబ్బాల్లో చక్కగా రికార్డయింది!”

ఆ మాట నోటినుంచి వెళ్ళాక వెనక్కి తీసుకోవడానికి ఏ దారీ కనపడలేదు. ఆడవాళ్ళ చేతుల్లో గాజులు కూడా కదల్లేదు.  బుల్లయ్య పెట్టె నా చేతుల్లోంచి తీసుకుని ఊరివైపు తిరిగి గొంతెత్తాడు.

“బసవమ్మొదినా! నీ గోడకి పెళ్ళంట! లడ్డూలొచ్చినయ్!”

కల్లంలో వాళ్ళందరూ లేచారు.

మమ్మల్ని నడిపించుకుపోయారా, తరుముకుపోయారా అంటే చెప్పలేను. ముందు బుల్లయ్య, వెనక ఆడవాళ్ళు, మధ్యలో మేమిద్దరం, బండి నెట్టుకుంటూ మాలిక్. “మన కొంపలు కూలితే వీళ్ళకి పండగంటమ్మా” అని వెనకనుంచి ఒకామె. “ఇంకో రెండిళ్ళు కూలితే జిలేబీలు తెస్తారు” అని ఇంకొకామె. మాలిక్‌కి కోపమొస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. నేను ఆ చెవులనే చూస్తూ నడిచాను.

బసవమ్మది పెంకుటిల్లు. వీధివైపు గోడ చూరు నుంచి నేలదాకా రెండుగా చీలి ఉంది. నా చెయ్యి పట్టేంత సందు. గోడ పడకుండా బయటినుంచి రెండు సరుగుడు బాదులు ఆనించి ఉన్నాయి. బసవమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. సన్నగా, ఎత్తుగా, చీరకుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని. బుల్లయ్య ఆమెకు మరిది అవుతాడు. ఆమె అతని చేతుల్లోని లడ్డూలను ఒకసారి చూసి, లోపలికి చెయ్యి చూపించింది.

పగిలిన గోడ పక్కనే ట్రంకుపెట్టె, దాని మీద తువ్వాలు కప్పి మా డబ్బా.

నాకు ప్రాణం లేచొచ్చింది. “అమ్మయ్య, ఇక్కడే ఉందా!” అని వెళ్ళబోయాను. బసవమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“నేనే పీకా. గోడ పగిలిన రోజునే పీకా. మీరు పాతిన కాడ్నించే ఈ ఊపులన్నీ.”

“డబ్బా ఊపదు పెద్దమ్మా, ఊపు వస్తే వింటుంది అంతే.”

“వింటదా? అయితే విను. మంగళవారం మేం అన్నాలు తింటా ఉంటే గుట్ట మీద క్వారీవాళ్ళు మందు పేల్చారు. నా గోడ అప్పుడే పగిలింది. చెయ్యి కడుక్కుని లేచేలోపు భూమి కూడా ఊగింది. ఇప్పుడు వాళ్ళేమంటన్నారు? మాది కాదు, భూకంపం, కావాలంటే చదువుకున్నోళ్ళ మిషన్లలో ఉంది చూసుకోండంటన్నారు. పెద్దమనుషుల్లో ఒప్పుకున్నారు, మా పేలుడువల్లేనని తేలితే గోడ మేమే లేపుతామని. తేల్చేది ఈ డబ్బా. ఇది నా గడప దాటి పోయిందంటే దాన్లో ఏముందని మీరు చెబుతారో నాకేం తెలుసు? విప్పేదేదో నా ఇంట్లో, నా కళ్ళ ముందర విప్పండి.”

“ఇక్కడ విప్పడానికి కుదరదండీ. ర్యాక్ కావాలి, అది వినుకొండలో…”

“అతను పోయి తెస్తాడు. నువ్వుండు.”

మాలిక్ చెవులు మిరపకాయలయ్యాయి. “ఆమెనెందుకుంచాలి? ఏం మాట్లాడుతున్నారు?”

“ఏరా, అరుస్తన్నావ్?” అన్నాడు బుల్లయ్య. “మీ పిల్లని మేమేమన్నా ఎత్తుకుపోతన్నామా? మీ డబ్బా, మీ పిల్ల, రెండూ మీయే. కాసేపు ఈడుంటే అరిగిపోతారా?”

నేను మాలిక్‌ని పక్కకు లాగి, “వెళ్ళండి. నాలుగు గళ్ళ చిన్న ర్యాక్, పెద్ద బ్యాటరీ తెండి. నాకేం కాదు” అన్నాను. మాలిక్ వెళ్ళే ముందు తన హెల్మెట్ నా చేతికిచ్చాడు, అది దగ్గరుంటే నన్నెవరూ ఏమీ చేయలేరన్నట్టు. ఇంతమంది కోపంగా చూస్తుండగా దాన్ని ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. లోపల మాత్రం ఎక్కడో చిన్న సంతోషం తన్నుకొస్తూనే ఉంది. మనసుకు బుద్ధి లేదు.

ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. వచ్చేపోయేవాళ్ళు నన్ను చూసి, “ఈమేనా లడ్డూల పిల్ల?” అని అడిగి మరీ పోతున్నారు. నన్ను వదిలేసి బసవమ్మ చేటలో మిరపకాయలు వేసుకుని తొడిమెలు తీస్తోంది. గోడ చీలికలోంచి ఎండ సన్నగా దిగి ఆమె చేట మీద గీత గీసింది. నాకు అందంగా కనిపించింది. ఆ గీత అక్కడ ఉండకూడదని వెంటనే గుర్తొచ్చి కళ్ళు దించుకున్నాను.

అప్పుడు గుట్ట మీద సైరన్ మోగింది. బసవమ్మ చేట కింద పెట్టి, నీళ్ళబిందె మీద మూత సర్దింది. ఎందుకా అనుకునేలోపే పేలింది. శబ్దం కంటే ముందు గడప నా కింద కదిలింది. పెంకులు గలగలమన్నాయి. చీలికలోంచి మట్టి జలజలా రాలి మూత మీద పడింది.

బసవమ్మ మూత మీది మట్టిని చేత్తో ఊడ్చి నా ముందుకు తెచ్చి గడప మీద పోసింది. “రోజూ వస్తది. ఇది కూడా రాసుకో” అంది.

మాలిక్ వచ్చేసరికి వాకిలి నిండిపోయింది. కిటికీలో కూడా తలకాయలే. చిన్న ర్యాక్ దించి, ప్లగ్గు కోసం అటూ ఇటూ చూశాడు.

“నా కరెంటు ముట్టుకోబాక” అంది బసవమ్మ.

“మీ కరెంటు మాకెందుకండీ” అని మాలిక్ బండి మీది బ్యాటరీ భుజాన వేసుకొచ్చి ధభీమని దించాడు. పెళ్ళి ఫోటోల్లో కూడా ఇంత బాగా లేడు.

డబ్బా మేకుకు చేలోని నల్లమట్టి ఇంకా అంటుకునే ఉంది. తుడిచాను, మొనలు రుద్దాను, గడిలోకి తోశాను. టక్కున కూర్చుంది. ఎర్ర దీపం వెలిగింది. “ఎర్రదీపం దేనికి? ప్రమాదమా?” అని ఎవరో అడిగితే, “మనకా, దానికా?” అని ఇంకెవరో అన్నారు. ఎర్ర దీపం వెలిగి ఆరుతున్నంతసేపూ నాకు ఒకటే భయం. బసవమ్మ చెప్పింది నిజం కాక, ఊపు రాకముందే పీకేసి ఉంటే ఇందులో ఏమీ ఉండదు. మంగళవారం ఫైలు తెరిచాను.

ఉంది. తెర మీద నల్లటి సన్నని గీత, ప్రశాంతంగా సాగుతూ సాగుతూ ఒకచోట చిన్నగా ఎగిరింది.

“ఇదిగోండి, మీరు అన్నం తినేటప్పటి పేలుడు.”

“ఇంతేనా?” అన్నాడు బుల్లయ్య.

గీతను ఇంకొంచెం జరిపాను. ముందు ఒక సన్నని వణుకు, ఒక్క ఊపిరి ఆగి, దాని వెనక పెద్దపెద్ద అలలు. పుస్తకాల్లో తప్ప ఇంత శుభ్రంగా ఎప్పుడూ చూడలేదు. పేలుడు ఇలా రాదు. ఇది లోతునుంచి వచ్చింది. గాల్లో గంతెయ్యాలనిపించింది. అందరి మొహాలూ చూసి కాళ్ళు అదిమిపెట్టుకున్నాను.

“ఇది భూమి ఊగినప్పటిది. చేలో నిలబడి చూస్తే, పేలుడు కంటే ఇదే చాలా పెద్దది.”

గదిలో గాలి మారిపోయింది.

“అంటే నా గోడని భూమి పగలగొట్టిందంటావు” అంది బసవమ్మ.

“చూశావా వదినా, అచ్చం క్వారీవాడి మాటే పలుకుతోంది” అన్నాడు బుల్లయ్య. “ఏమ్మాయ్, పొద్దున వాళ్ళింట్లో కూడా లడ్డూలు పంచొచ్చావా?”

“నోరు జాగ్రత్త బాబాయ్” అని మాలిక్ ఒకడుగు ముందుకేశాడు. ఎవరో అతని చొక్కా పట్టుకున్నారు. ఎవరో “ఆ డబ్బా పగలగొట్టండిరా” అన్నారు. నేను లాప్‌టాప్ గుండెలకు హత్తుకుని, “ఉన్నది చెప్పానండీ! మీ ముందర చెప్పమన్నారు, చెప్పాను. ఇంకా అయిపోలేదు!” అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

బసవమ్మ చెయ్యెత్తింది. చొక్కా వదిలారు.

గీతను ముందుకు జరిపాను. అలలు సద్దుమణిగిన కొంతసేపటికి తెరంతా నల్లగా గజిబిజి.

“అదేంది?”

“మీరు పీకడమండీ.”

ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కుమంది. “అక్కో! భూకంపం కంటే నీ పీకుడే పెద్దదిగా ఉందే!” కిటికీలో తలకాయలన్నీ నవ్వాయి. బసవమ్మ నవ్వలేదు. నాకు నవ్వు ఆగలేదు. ఆపుకోబోయి దగ్గాను.

ఆ తర్వాత గీత వేరేగా ఉంది. పీకినా డబ్బా ఆగదు కదా. ట్రంకుపెట్టె మీద తువ్వాలు కింద కూర్చుని ఇన్ని రోజులూ ఈ ఇంటినే వింటూ ఉంది. రోటి దెబ్బలు, తలుపు వేసిన శబ్దాలు, అన్నీ చిన్నచిన్న గంతులు. బుధవారం క్వారీ పేల్చే వేళకు వచ్చాను. గీత తెర పై అంచును తాకేంత ఎత్తుకు లేచింది. గురువారం అదే వేళకు మళ్ళీ. ఇవాళ నేను గడప మీద కూర్చున్నప్పుడు కూడా. చేలో అంత చిన్నగా కనపడిన పేలుడు ఈ ఇంట్లో అంత పెద్దగా ఉంది.

మాలిక్ నా చెవిలో మెల్లిగా అన్నాడు. “సార్‌కి కావాల్సింది వచ్చేసింది కదా. వీళ్ళకి కావాల్సింది కూడా ఇందులో ఉంది. క్వారీదే తప్పని చెప్పెయ్, డబ్బా ఇస్తారు, పోదాం.”

నిజమే. ఆ ఒక్క మాటంటే చాలు. గీత కూడా నా పక్షానే ఉంది. కానీ ఆ ట్రంకుపెట్టె రేకుది. చేత్తో తట్టి చూశాను, మొత్తం గలగలమంది. పాతకుండా దాని మీద ఊరికే పెట్టిన డబ్బా దేనికైనా గంతులేస్తుంది.

“పెద్దమ్మా, ఇవి చూడండి. పేల్చినప్పుడల్లా ఈ ఇంట్లో గట్టిగానే ఊగుతోంది.”

“మరి ఇందాక భూమన్నావు?”

“మంగళవారం భూమి ఊగింది, అది నిజం. రోజూ పేలుడు మీ గోడకు తగులుతోందని ఇది చెబుతోంది. కానీ ఇది చెల్లదు. డబ్బా రేకుపెట్టె మీద ఉంది. క్వారీవాళ్ళు ఒక్క మాటలో కొట్టేస్తారు, పెట్టె ఊగింది, గోడ కాదు అంటారు. వాళ్ళ చోట నేనున్నా అదే అంటాను.”

“అంటే పీకి ఇంట్లో పెట్టుకున్నందుకు తప్పు నాదంటావు.”

“పీకడం తప్పేనండీ. కానీ ఇంటికి తెచ్చారు కాబట్టే ఇది తెలిసింది.”

ఆ మాట పొగడ్తో తిట్టో బసవమ్మకు అర్థమైనట్టు లేదు. నాకూ సరిగ్గా తెలియలేదు. ఆమె గోడ చీలికలోకి నాలుగు వేళ్ళు పెట్టి చూసింది.

“మరేం చేస్తావు?”

“దీన్ని గోడ మొదట్లో నేలలో పాతాలి, చేలో పాతినట్టే. చేలో పాత గుంటలో ఇంకొకటి పాతుతాను. అదే పేలుడుకి చేను ఎంత ఊగింది, గోడ ఎంత ఊగింది, రెండూ పక్కపక్కన పెడితే ఎవరూ కాదనలేరు. అది మీకు అనుకూలంగా వచ్చినా, రాకపోయినా వచ్చిందే చెబుతా.”

“రాకపోతే?”

“రాకపోయినా చెబుతా.”

“గుండె ఉందే పిల్లకి” అన్నాడు బుల్లయ్య, మెచ్చుకున్నట్టు మాత్రం కాదు.

మాలిక్ డబ్బాలో బ్యాటరీ ఎంతుందో చూశాడు. దాదాపు అడుగంటింది. “సాయంత్రమంతా ఛార్జి ఎక్కాలి. షాపుకు తీసుకెళ్ళి…”

“గడప దాటదు” అంది బసవమ్మ.

“అయితే ర్యాక్, బ్యాటరీ ఇక్కడే వదిలి వెళ్ళాలి.”

“వదిలిపో. రేపు రాకపోతే అవి కూడా నావే. నీ బ్యాటరీకి ఫ్యాను తగిలించుకుంటా.”

మాలిక్ నా వైపు చూశాడు. చెవుల ఎరుపు దిగుతోంది. నేను తలూపాను. ఆయన వంగి తీగలు సరిచేసి, ఎవరూ తొక్కకుండా ట్రంకుపెట్టెను అడ్డం జరిపాడు. గుమ్మం దగ్గరికి వచ్చి నేను అందరికీ వినపడేలా చెప్పాను.

“రేపు పొద్దున్నే వస్తాం. గోడ పక్కన గుంట తవ్వి పాతుతాం. సైరన్ మోగిన దగ్గర్నించి ఈ ఇంట్లో ఎవరూ రోకలి ఎత్తకూడదు, తలుపు వెయ్యకూడదు, గట్టిగా నడవకూడదు.”

“క్వారీవాళ్ళని కూడా పిలుస్తా” అంది బసవమ్మ. “పెద్దమనుషుల్ని పిలుస్తా. రేపు వాళ్ళు పేల్చాక డబ్బా ఇక్కడే విప్పుతావు, వాళ్ళ మొహం మీదే చెబుతావు. ఎండెక్కకముందే రా, ఆలస్యమైతే గుంట నేనే తవ్వుకుంటా.”